పొద్దూరుకి పటం గీయొద్దని చెప్పడానికి వెళ్ళాను

పోట్లాడడానికి ప్రయాణం కట్టిన మనిషి రాసే యాత్ర ఇది. దర్శనాలు, సూర్యోదయాలు ఇందులో ఉండవు. తెనాలి నుంచి హైదరాబాదు పక్కనున్న ఇబ్రహీంపట్నం దాకా వెళ్ళి, ఒక రచయిత్రి చేతిలోంచి కలం లాక్కుందామనుకున్నాను. ఎంతవరకు లాక్కున్నానో చదివాక మీరే చెప్పండి.

సంగతి తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. సుగుణమ్మ గారు చాలా ఏళ్ళ క్రితం ఒక వారపత్రికలో 'పొద్దూరు' అనే నవల రాశారు. పొద్దూరు అనే ఊరు ఎక్కడా లేదు. ఎక్కడుందో ఆవిడా చెప్పలేదు. అందుకే అది అందరిదీ అయింది. నా పొద్దూరులో కాలవ ఉంటుంది, కాలవ గట్టున అరటితోటలుంటాయి. నవలలో కాలవ ఉన్నట్టు ఒక్క ముక్క లేదు. లేనట్టూ లేదు కదా. మాకు ఫోనులో ఒక గుంపు ఉంది, పేరు 'పొద్దూరు వాసులు'. ఆడవాళ్ళం ఎక్కువ. వంటయ్యాక చేరి, లేని ఊరి గురించి ఉన్న ఊరివాళ్ళకంటే ఎక్కువ కొట్టుకుంటాం.

మా కొట్లాటల్లో పెద్దది నీల గురించి. నీల ఆ ఊరి కోడలు. నవల మధ్యలో ఒక రోజు మూట కట్టుకుని, కొత్త చీర కట్టుకుని, పొద్దున్నే వచ్చి రోడ్డు పక్కన కూర్చుంటుంది. సాయంత్రం దాకా లేవదు. చీకటి పడే వేళ అత్త వచ్చి, "మీ మల్లేశం ఇక రాడులే, లోపలికి రా" అంటుంది. నీల లేచి లోపలికెళ్ళి, పూలు పేర్చుకుంటూ కూర్చుంటుంది. అంతే. మల్లేశం ఎవరో ఆ ముందూ లేదు, ఆ తర్వాతా లేదు. ప్రేమించినవాడని కొందరు, బస్సు డ్రైవరని ఒకావిడ. నా మాట ఏమిటంటే, నీల ఎవరి కోసమూ చూడలేదు. వెళ్ళిపోదామని వచ్చింది, వెళ్ళకూడదని తనే తేల్చుకుంది. మల్లేశం అన్నది అత్తగారి ఊహ. నన్ను ఉద్యోగం మానేయమని ఇంటిల్లిపాదీ పోరు పెట్టిన రోజుల్లో ఆ రోడ్డు పక్కన నీల పక్కనే కూర్చుని నేనూ ఒక సంగతి తేల్చుకున్నాను. కాబట్టి నీల జోలికి ఎవరొచ్చినా ఊరుకోను, కన్నతల్లి అయినా సరే.

కన్నతల్లే వచ్చింది. సుగుణమ్మ గారు కొన్నాళ్ళుగా ప్రతి ఆదివారం 'పొద్దూరు వెనక సంగతులు' అని ఫేస్‌బుక్‌లో పెడుతున్నారు. బావి ఎవరు తవ్వించారు, కరణం గారి రెండో అల్లుడు ఏం చదివాడు. పోస్టుమాను రంగయ్యకి చక్కెర వ్యాధి ఉందని ఒక ఆదివారం తెలిసింది. ఇన్నేళ్ళూ ఆయన మా ఇంటికొచ్చినట్టు ఊహించుకుని బెల్లం కాఫీ ఇచ్చి పంపుతున్నాను, నన్ను హంతకురాలిని చేశారు. సరే, భరించాను. ఆ తర్వాతి వారం అసలు కబురొచ్చింది: కొత్త ముద్రణలో ఊరి పటం, చివర్లో అనుబంధం, అందులో నీల ఎవరి కోసం కూర్చుందో, అతను ఎందుకు రాలేదో.

ఫోను చేశాను. గొంతు చించుకున్నాను. అవతలినుంచి తాపీగా ఒకే మాట: "ఫోన్ల కొట్లాడితే నాకు సరిగ ఇనబడది. ఇబ్రహీంపట్నం రా బిడ్డా, ఎదురుంగ కొట్లాడుదం."

సంచి సర్దుకున్నాను.

మీర్‌పేట్

మొదటి రోజు మజిలీ హైదరాబాదు శివార్లలో, మా పిన్ని కూతురు రమ ఇంట్లో. మీర్‌పేట్‌లో రమ వాళ్ళ వీధిలో ఇళ్ళు ఎంత దగ్గరగా ఉంటాయంటే, పక్కింటి కుక్కరు కూత వేస్తే ఈ ఇంట్లో స్టవ్ కట్టేస్తారు. వీధిలో సగం మంది మావైపు వాళ్ళే. కృష్ణా జిల్లా ఆవకాయా, గోదావరి జిల్లా పూతరేకులూ గోడల మీంచి చేతులు మారుతుంటాయి. తెల్లారి కూరగాయల బండివాడు మాత్రం "ఆలుగడ్డ, ఉల్లిగడ్డ" అంటూ వచ్చాడు. రమ అతనితో "ఎంతకిస్తవ్ అన్నా, జర చూసి ఇయ్యి" అని బేరమాడి, తలుపు వేసుకుని నాతో "అల్లప్పచ్చడి వేసుకుంటావా అక్కా?" అంది. గుమ్మానికి అటు ఒక భాష, ఇటు ఒక భాష. నేను నోరు తెరిచి చూస్తే, "ఇరవై ఏళ్ళయింది, ఇంకెప్పుడు నేర్చుకుంటాను?" అంది.

పెసరట్టు తింటూ నేను వచ్చిన పని చెప్పాను. రమా పొద్దూరు వాసే, కానీ మెత్తని వాసి.

"దానికింత గోలేంటక్కా? ఇంకొంచెం తెలుస్తుందిగా, మంచిదే."

"ఇంకొంచెం తెలియడానికి నవల చదవరే. తెలియాలంటే పేపరు చదువుతారు."

"నీకిష్టం లేకపోతే ఆ అనుబంధం చదవకు. పేజీలు కుట్టేసుకో."

"పక్కింటావిడ చదివి నాకు చెప్పకుండా ఉంటుందా? నువ్వు చెప్పకుండా ఉంటావా?"

రమ "ఉండలేను" అంది నిజాయితీగా. "కానీ నాకు పటం కావాలి. నీల ఇంటి నుంచి బావి ఎంత దూరమో నాకు ఎప్పటినుంచో అనుమానం. అన్ని బిందెలు మోస్తుంది కదా పాపం."

బిందెలు మోసినవాళ్ళకే వచ్చే అనుమానం అది. పటం సంగతి వదిలేసినా, నీల సంగతి వదిలేది లేదని అక్కడే గట్టిపడ్డాను.

మన్నెగూడ

రెండో రోజు సాగర్ రోడ్డు బస్సెక్కాను. కండక్టరమ్మ ఆధార్ అడిగింది. గర్వంగా చూపించాను. ఆడవాళ్ళకి మా దగ్గరా బస్సు ఉచితమే, ఇక్కడా ఉచితమే. ఆవిడ కార్డు తిప్పి చూసి, "ఇది ఆంధ్రది అక్కా, నడ్వది. టికెట్ తీస్కో" అంది. నేను నవలకి సరిహద్దులు గీయొద్దని వాదించడానికి పోతుంటే, బస్సులో నాకే గీశారు. "ఆడదాన్నే కదమ్మా, చూడు" అన్నాను. "గది కనబడుతున్నది. అడ్రసే కనబడ్తలేదు" అంది. బస్సంతా నవ్వింది. డబ్బులిచ్చాను.

మన్నెగూడలో దిగింది మొక్కజొన్న పొత్తుల వాసనకి. ఇక్కడ మక్క కంకులంటారు. నిప్పుల మీద కాల్చి, నిమ్మచెక్కతో ఉప్పూ కారం రుద్ది ఇస్తారు. కంకి ముప్ఫై రూపాయలు. మా ఊళ్ళో ఆ డబ్బుకి రెండొస్తాయి, కానీ ఇంత కారం రాదు. కళ్ళల్లో నీళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డానో లేదో, తెల్లచొక్కా అబ్బాయి ఒకడు పక్కకి చేరాడు.

"మేడం, ప్లాట్ చూడనీకి వచ్చిన్రా?"

కాదని చెప్పడానికి నోరు ఖాళీ లేదు. తల ఎటు ఊపానో నాకే తెలియదు, అతను అవుననుకుని రంగుల పటం ఒకటి నా చేతిలో పరిచాడు. అబ్బ, ఏం పటం! పార్కు, ఈతకొలను, పిల్లల బడి, గుడి, ముసలివాళ్ళు నడవడానికి బాట, బాట పక్కన బెంచీ, బెంచీ మీద ఒక తాత కూడా.

"ఇదంతా ఎక్కడుంది బాబూ?"

అతను రోడ్డవతల చూపించాడు. ముళ్ళపొదలు, పాతిన రంగురాళ్ళు, మేస్తున్న రెండు గేదెలు.

"ఇప్పుడు లేదు మేడం. వస్తది."

"ఈ తాత కూడా వస్తాడా?"

"మీరు కొంటే మీ సారే గా తాత" అన్నాడు తడుముకోకుండా. మా ఆయన విని ఉంటే అక్కడే కొనేవాడు. కారు తలుపు తీసి ఎక్కమనే దాకా వచ్చాడు. తప్పించుకుని ఇబ్రహీంపట్నం బస్సులో పడేసరికి సగం కంకి అతని చేతిలోనే ఉండిపోయింది. లేని ఊళ్ళకి పటాలు గీయడం ఈ రోడ్డు మీద కొత్తేమీ కాదని మాత్రం అర్థమైంది. సుగుణమ్మ గారికి గాలి ఎటునుంచి సోకిందో కూడా.

ఇబ్రహీంపట్నం

ఒక మాట. పొద్దూరు వాసులెవరైనా మల్లేశం ఎవరో తెలుసుకోవద్దనుకుంటే ఇక్కడ ఆపేసి, వెళ్ళి పప్పు పొయ్యి మీద పెట్టుకోండి. నాకా వీలు లేకపోయింది.

బస్టాండులో దిగి స్వరూప మ్యాచింగ్ సెంటర్ ఎక్కడని అడగమన్నారు సుగుణమ్మ గారు. చీరలకి ఫాల్స్, జాకెట్ ముక్కలు, లంగాలు అమ్మే దుకాణం అది. గోడ నిండా రంగులు, కుంకుమలోనే పది రకాలు. ఓనరమ్మ స్వరూపకి నలభై ఉంటాయేమో. డిగ్రీ చదివింది, సుగుణమ్మ గారి నవలలు ఆవిడ నోటితోనే విని పెరిగింది, ఇప్పుడు ఆవిడ రాతలు ఫోనులో పెట్టేదీ తనే. అంటే రంగయ్యకి చక్కెర వ్యాధి అంటించిన వేలు ఆమెదే.

"తెనాలామె నువ్వేనా అక్కా? ఫోన్ల మస్తు లొల్లి చేసినవంట గద" అని స్టూలు లాగింది. కాఫీ అడిగాను. ఇక్కడ బజారులో కాఫీ అడిగినవాళ్ళని జాలిగా చూస్తారు. చాయ్ వచ్చింది, అల్లం దంచి వేసినది. దానితో పాటు డబ్బాలోంచి సర్వపిండి తీసి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లిపాయ కలిపి గిన్నెకే తట్టి కాలుస్తారు. అంచు కరకరలాడుతుంది, నడుమ మెత్తన. రెండోది తింటూ యుద్ధం మొదలుపెట్టాను.

"నీల ఎవరికోసం కూర్చుందో చెప్పేస్తే ఇక నవలలో ఏం మిగిలింది స్వరూపా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "అండ్ల చెప్పేదేమున్నది అక్కా? పండుగకు తోల్కపోనీకి అన్న రాలే. గంతే గద."

"అన్నా? అన్న అని ఎక్కడుంది?"

"ఎక్కడుండుడేంది? మూట కట్టుకున్నది. కొత్త చీర కట్టుకున్నది. ఊరంత పూలు కోసుకొస్తున్నరు. ఇంట్లకు పోయి పూలు పేర్చుకున్నది. బతుకమ్మ పండుగ అది! ఆడబిడ్డ తల్లిగారింటి మనిషి కోసం కాకుంటే ఇంకెవరి కోసం కూసుంటది?"

సర్వపిండి చేతిలో ఆగిపోయింది. ఇన్నేళ్ళ మా రహస్యం, మా వాదనలు, బస్సు డ్రైవరు! ఇబ్రహీంపట్నంలో ఇది ఎవరికీ రహస్యం కాదట. మా వైపు పండక్కి రమ్మని ఫోను చేస్తే ఆడపిల్ల తనే బస్సు దిగుతుంది. అసలు చెయ్యకపోయినా దిగుతుంది, దిగి ఎందుకు చెయ్యలేదని నిలదీస్తుంది. ఇక్కడ అలా కాదని స్వరూప చెప్పింది. అన్నో తమ్ముడో, నాయన్నో ఎవరో ఒకరు గడప ముందుకొచ్చి తోల్కపోవాలి, అంటే వెంటబెట్టుకుని తీసుకెళ్ళాలి. తనంత తాను పోతే పరువు తక్కువ. ఎవరూ రాకపోతే పుట్టింట్లో ఎవరూ లేనట్టే లెక్క.

"అయితే ఆ అనుబంధం వేస్తే నీకేం బాధ లేదన్నమాట" అన్నాను ఓడిపోతున్న గొంతుతో.

"లేకేంది?" స్వరూప కత్తెర కింద పెట్టింది. "పటం ఏసుకోనీ, బావి ఏసుకోనీ. గా అన్న ఎందుకు రాలేదో రాయొద్దని నేను గూడ మొత్తుకుంటున్న. వాగు పొంగిందంట. దాటలేక ఎనకకు పోయిండంట. మా తమ్ముళ్ళిద్దరు నాలుగేండ్ల సంది వస్తలేరు అక్కా. వాళ్ళకేం వాగు లేదు, మోటార్ సైకిళ్ళున్నయి. నేను ఏటేటా గా నీల పేజీ తీసి సదువుకుంట, దుకాణం ముంగట్నే బతుకమ్మ పేర్చుకుంట. రేపు ఈ పుస్తకం చూసి మా తమ్ముడు గూడ వాగు పొంగిందంటడు. రానోడు రాలే. గంతే ఉండాలె."

చేయి చాచాను. ఆమె పట్టుకుంది. ఒకే పేజీ మీద మా ఇద్దరికీ పొసగని కారణాలు. అయినా ఆ పేజీ మారకూడదన్న దగ్గర ఇద్దరం ఒకటే. "దుకాణం మూసెయ్, పోదాం పద" అన్నాను.

సుగుణమ్మ గారిల్లు

బజారు దాటి, లోపలి వీధిలో చిన్న డాబా. సుగుణమ్మ గారికి డెబ్భై దాటి ఉంటాయి. పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. తెల్లచీర, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. ముందు అన్నం తినమన్నారు. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చిపులుసు. పుంటికూరంటే మన గోంగూరే. తెనాలివాళ్ళకి గోంగూర పెట్టి వాదనకి కూర్చోబెట్టడం మోసం. తిన్నాను, లొంగలేదు.

"ఇగ చెప్పు. నా పొద్దూరు, నా ఇష్టం. నీకేమైంది?"

"అచ్చయ్యే దాకా మీదండీ. తర్వాత మాది."

"మంచిది. అట్లయితే ఈ ఇంటి కరెంటు బిల్లు గూడ మీరే కట్టున్రి."

"కడతాం. నీలని వదిలెయ్యండి."

"నీలనేం చేస్తున్ననమ్మా? ఆమె గురించి నాలుగు మాటలు ఎక్కువ చెప్తున్న."

"ఆ నాలుగు మాటలకి చోటు మీరే ఖాళీగా వదిలారు. మేం అందులో కాపురాలు పెట్టుకున్నాం. ఇప్పుడు వచ్చి ఖాళీ చెయ్యమంటే ఎట్లా?"

ఆవిడ నవ్వలేదు. "నేను వదల్లే బిడ్డా. నేను బతుకమ్మ అనే రాసిన. అప్పటి పత్రికల ఒకాయన, అందరికి తెలువది, పండుగ అని రాయమన్నడు. ఊరు పేరు తియ్యమన్నడు. తీసిన. నువ్వు కాపురం పెట్టింది వాళ్ళు కొట్టేసిన జాగల."

పోట్లాటలో జవాబు లేనప్పుడు గొంతు పెంచాలి, అది నాకు తెలుసు. కానీ పెరగలేదు. "పండుగ పేరు పెట్టుకోండి, పటం వేసుకోండి. వాటిమీద నాకు హక్కు లేదు" అన్నాను చివరికి. "కానీ వాగు ఎవరూ కొట్టెయ్యలేదు కదా. అది అప్పుడూ లేదు."

స్వరూప అందుకుంది. "అవ్ పెద్దమ్మా, వాగు కొత్తగ పొంగింది."

సుగుణమ్మ గారు కళ్ళజోడు తీసి, చీర చెంగుతో చాలాసేపు తుడిచారు. అప్పుడు చెప్పారు. మల్లేశం అన్నది ఆవిడ సొంత అన్న పేరే. రాస్తున్నప్పుడు వేరే పేరు తోచక అదే పెట్టారు. దగ్గర్లోనే మంచాల అనే ఊళ్ళో ఉంటాడాయన. పోయిన ఏడు ఊళ్ళో కుర్రాళ్ళు ఆ ఘట్టం నాటకంగా వేశారు. అప్పటినుంచి మొదలు. చాయ్ హోటలు దగ్గర, రేషన్ బియ్యం దగ్గర, "ఏం మల్లేశన్నా, చెల్లె ఇంక రోడ్డు మీదనే కూసున్నదా?" అని ఒకటే పరాచికాలు.

"యాడాది సంది అన్న నాతోని మాట్లాడ్తలేడు. పోయిన బతుకమ్మకు తోల్కపోనీకి రాలే. నా పెండ్లయిన సంది మొదటిసారి." ఆవిడ ప్రూఫు కాగితాల కట్ట మీద చెయ్యి వేశారు. "వాగు పొంగింది, ఆయన తప్పు లేదు అని రాస్తే ఊరి నోరు మూతబడ్తది. అన్న వస్తడు. నీ నీల కన్న నాకు అన్న ఎక్కువ."

తెల్లారి ప్రెస్సు మనిషి వచ్చి కట్ట పట్టుకుపోతాడట. ఇదీ పరిస్థితి. ఒక పక్క అన్న, ఒక పక్క నీల. వేరే ఎవరైనా అయితే కళ్ళు తుడుచుకుని బస్సెక్కేవారు.

"ఆయన్ని అడిగారా, వాగు సంగతి?" అన్నాను.

"మాట్లాడకుంటె ఎట్ల అడుగుత?"

"పదండి మంచాల. నేనడుగుతాను."

"పిలవకుంట తల్లిగారింటికి నేనెట్ల వస్త?" అన్నారావిడ, నేనేదో బూతు మాట్లాడినట్టు.

సరే. మీరు రారు, ఆయన రాడు. మేం పోయి తెస్తాం. "ప్రెస్సు మనిషి వస్తే చాయ్ ఇచ్చి కూర్చోబెట్టండి" అని చెప్పి లేచాను. ఆ పూటకి స్వరూప ఇంట్లోనే పడుకున్నాను.

మంచాల

మూడో రోజు పొద్దున్నే ఆటో మాట్లాడుకున్నాం. ఇబ్రహీంపట్నం దాటితే నేల రంగు మారుతుంది. మా డెల్టాలో ఎటు చూసినా ఒకటే ఎత్తు, ఒకటే పచ్చ. ఇక్కడ నేల లేస్తుంది, దిగుతుంది, మధ్యలో గుండు రాళ్ళు ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉంటాయి. పత్తి, కంది. ఆకాశం వంక చూస్తూ బతికే పొలాలు. కాలవ లేదు. నేను చాలా సేపు వెతికాను, సిగ్గులేకుండా.

మల్లేశం గారు ఇంటి ముందు కూర్చుని మందు కొట్టే పంపు బాగుచేసుకుంటున్నారు. చెల్లెలికంటే పెద్ద, చెల్లెలికంటే గట్టి.

"ఎవరు మీరు? ఓట్లకా?"

"కాదండీ, మీ చెల్లెలి పుస్తకం గురించి."

"పొండ్రి." పంపు వైపు తిరిగారు.

స్వరూప కిందే కూలబడింది. "బాపూ, గంత కోపమైతే ఎట్ల? ఆమె నీ గురించి మంచిగ రాస్తున్నది ఇప్పుడు. నువ్వు వచ్చినవంట. వాగు పొంగితే దాటలేక ఎనకకు పోయినవంట."

పంపు కిందపడింది. ఆయన లేచి నిలబడ్డారు.

"ఏందీ? వాగు దాటలేకనా? నేనా?" వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగారు. "నడుము లోతు నీళ్ళల్ల సైకిల్ నెత్తిమీద పెట్టుకొని దాటిన! దాని పెండ్లయిన సంది ఏటేటా నేనే తోల్కొచ్చిన, నిరుడు తప్ప ఒక్కయేడు మానలే. మొదలు రానోడు అని రాసింది. ఇప్పుడు చాతగానోడు అని రాస్తదా?"

నేను స్వరూప వంక చూశాను, స్వరూప నా వంక. ఆయన పరువు కోసం పొంగించిన వాగు ఆయన్నే ముంచుతోంది.

"ఇవాళే అచ్చుకి పోతోందండీ. మీరొచ్చి ఆ మాట ఆవిడకి చెప్పండి" అన్నాను.

"చెప్పుడేంది, కడుగుత. నడువున్రి." భుజం మీద తువ్వాలు వేసుకుని, మాకంటే ముందు ఆటోలో కూర్చున్నారు. దారి పొడుగునా ఒకటే తిట్లు. ఆటో డ్రైవరు భయపడి రెండు గుంతల్లో దించాడు. మధ్యలో ఒక సన్నటి వంతెన వస్తే ఆపించి, "ఇదే గా వాగు. చూడు!" అన్నారు నాతో. చూశాను. అడుగున తుంగ, ఒక పాత చెప్పు. నీళ్ళ ముచ్చటే లేదు. నమ్మానని చెప్పేదాకా ఆటో కదలనివ్వలేదు.

మళ్ళీ ఇబ్రహీంపట్నం

ఆటో చప్పుడుకి సుగుణమ్మ గారు వాకిట్లోకి వచ్చారు. అన్నని చూసి అక్కడే ఆగిపోయారు.

"తోల్కపోనీకి వచ్చినవా అన్నా?"

"కొట్లాడనీకి వచ్చిన."

"ఏదో ఒకటి. వచ్చినవ్ గద. రా."

కొట్లాడారు. మేం వరండాలో కూర్చుని విన్నాం. మరీ దాపరికంగా ఏమీ లేదు, నాలుగిళ్ళ అవతలికీ వినిపించింది. "ఏటేటా వచ్చిన నన్ను రానోణ్ణి చేస్తవా?" అని ఆయన. దానికి ఆవిడ అన్న మాట ఇది:

"నువ్వు వచ్చేటోనివే. కని వచ్చేదాక నాకెట్ల తెలుస్తది? తెల్లారంగనే మూట కట్టుకొని కూసుంటుంటి. మా అత్త కండ్లన్ని నా మీదనే. నీ సైకిల్ బెల్ ఇనబడేదాక, ఈ యేడు రాకుంటె ఎట్ల, రాకుంటె ఎట్ల అని పానం కొట్టుకునేది. గా భయమే రాసిన అన్నా. నిన్ను రాయలే."

వెనక సంగతులు వద్దని దెబ్బలాడడానికి ఇంత దూరం వచ్చినదాన్ని నేను. ఆ మాట వినగానే నా నీలకి ఏమీ కాలేదని తెలిసింది. ఆమె అక్కడే ఉంది, రోడ్డు పక్కన. పక్కన ఇంకొకావిడ కూర్చుంది, అంతే. చోటు ఇరుకవలేదు.

కానీ ప్రెస్సు మనిషి వచ్చేశాడు, గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. మెత్తబడే సమయం కాదు. లోపలికెళ్ళి ప్రూఫుల కట్ట ముందేసుకున్నాను.

"వాగు తీసేద్దాం. అది ఎవరికీ అక్కర్లేదని తేలింది. మల్లేశం గారూ, మీకేం కావాలి?"

"నా పేరు తియ్యాలె. పేరు లేకుంటె నన్నెవడు అంటడు?"

"తీసి ఏం పెట్టాలె? అన్న అని పెడుదునా?" అన్నారు సుగుణమ్మ గారు, ఎర్రపెన్ను తీస్తూ.

"వద్దు!" నేనూ స్వరూపా ఒక్కసారే అరిచాం. తర్వాత మాట నాది. "ఏమీ పెట్టొద్దు. 'ఇక రాడులే, లోపలికి రా.' అంతే ఉంచండి. ఇబ్రహీంపట్నంలో ఎవరో తెలుస్తుంది. తెనాలిలో మేం కొట్టుకు చస్తాం. మీ అన్నగారు హోటల్లో హాయిగా చాయ్ తాగుతారు."

ఆవిడ నన్ను కళ్ళజోడు మీదుగా చూశారు, పరీక్ష పేపరు దిద్దేటప్పుడు చూసినట్టు. "ఒక్క మాట ఎక్కువ రాయొద్దని వచ్చి, ఉన్న మాటలే తీపిచ్చుకపోతున్నవ్."

"అవునండీ."

ఎర్రగీత పడింది. 'మీ మల్లేశం' పోయింది. 'పండుగ' దగ్గర 'బతుకమ్మ' వచ్చింది. దానికి నేనేమీ అనలేదు, అనకూడదు కూడా. ఊరి పటం ఉండిపోయింది, రమ బిందెల లెక్క చూసుకుంటుంది. వాగు కాగితం సుగుణమ్మ గారే మడిచి పొయ్యి దగ్గర పెట్టారు. ప్రెస్సు మనిషి కట్ట తీసుకుని బండెక్కాడు.

అప్పుడు మల్లేశం గారు తువ్వాలు దులుపుకుంటూ, కొంచెం చిన్నబుచ్చుకున్న గొంతుతో అన్నారు: "పేరు పోయింది, మంచిగనే ఉన్నది. మరి నేను ఏటేటా వచ్చిన ముచ్చట? అది యాడ రాస్తరు?"

సుగుణమ్మ గారు స్వరూప వంక చూశారు. స్వరూప నా వంక చూసింది. నవలలో కుదరదు, అది నేనే తేల్చి చెప్పాను. ఫేస్‌బుక్‌లో వద్దని వాదించిందీ నేనే.

"నేను రాస్తానండీ" అన్నాను.

కనుక రాస్తున్నాను. పొద్దూరులో నీల కోసం ఎవరూ రాలేదు. ఏ ముద్రణలోనూ రారు, రానివ్వం. మంచాల మల్లేశం గారు మాత్రం ఏటేటా వచ్చారు. నడుము లోతు నీళ్ళలో, సైకిలు నెత్తిన పెట్టుకుని. ఒక్క ఏడు తప్పారు, ఆ తప్పినదాన్ని ఈ ఏడు తిట్టుకుంటూ వచ్చి సరిచేశారు.